పదహారేళ్లకు డిజైన్ పని: చెడిన ఫైళ్లు, మార్చిన పద్ధతులు, లెక్కలు

ఖమ్మంలో పాలిటెక్నిక్ రెండో ఏడాది చదువుతూ సాయంత్రాలు, ఆదివారాలు చేస్తున్న పని ఇది. లోగో ఎలా గీయాలో, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో నేర్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. మన ఊళ్లో ఒక ఫైలు ప్రెస్సుకు వెళ్లాక దానికి ఏమవుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఏ మెషీన్ మీద ఏది చెడింది, ఎంత పోయింది, తర్వాత ఏం మార్చాను అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నా వయసువాళ్లు ఎవరైనా మొదలుపెడితే ఈ కొలతలు నేరుగా వాడుకోవచ్చు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఫ్లెక్స్ షాపుల్లో డిజైన్ ఉచితం. ఆ ఖర్చు చదరపు అడుగు రేటులోనే కలిసిపోతుంది. ఉచితంగా దొరికేదాన్ని మన దగ్గర డబ్బిచ్చి ఎవరూ కొనరు. నాకు ఇప్పటిదాకా వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం తెలుగు అక్షరం చెడకుండా, పేరు తప్పు పోకుండా, అనుకున్న కొలతలో అచ్చయి చేతికొచ్చినందుకు ఇచ్చినదే. కింద రాసినవన్నీ చివరికి ఆ మాట దగ్గరికే వస్తాయి.

దశ 1: సామాన్లు, పరీక్ష కాగితం

ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌తోనే మొదలు. కొన్నవి ఇవి:

1. ర్యామ్ 4 నుంచి 8 జీబీకి: రూ.1,700
2. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ: రూ.1,900
3. మౌస్: రూ.350
4. స్టీలు స్కేలు, కొలత టేపు: రూ.180
5. పరీక్ష ప్రింట్లు, 12×18 అంగుళాల షీట్లు రెండు: రూ.120

సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టలేదు. అక్షరాలకు, గీతలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు జింప్, ప్రెస్సుకిచ్చే పీడీఎఫ్‌కి స్క్రైబస్. ఈ మూడూ ఉచితం, వ్యాపారానికి వాడుకున్నా అభ్యంతరం లేదు. క్రాక్ చేసిన కోరల్‌డ్రా ఏ డీటీపీ షాపులో అడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు. తీసుకోవద్దనే నా సలహా. అది నేరమన్నది ఒక కారణం. రేపు ఆ కాపీ తెరుచుకోకపోతే అందులో చేసిన కస్టమర్ల ఫైళ్లన్నీ దాంతోపాటే పోతాయన్నది రెండోది.

తెలుగు విషయంలో ఇంక్‌స్కేప్ ఇబ్బంది పెట్టలేదు, ఒత్తులన్నీ సరైన చోటే పడ్డాయి. స్క్రైబస్ మాత్రం 1.4 వెర్షన్ దొరికితే వాడొద్దు, అందులో తెలుగు విడిపోతుంది. 2024లో వచ్చిన 1.6 బాగుంది. మా క్లాసులో ఒకరి ఫొటోషాప్‌లో అదే మేటర్ పెడితే ఒత్తులు కిందికి వెళ్లకుండా పక్కన పడ్డాయి. అది ఫాంట్ లోపం అనుకుని చాలామంది ఫాంట్లు మారుస్తూ కూర్చుంటారు. టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషలకు సంబంధించిన కంపోజర్ ఎంచుకుని ప్రోగ్రామ్ మూసి తెరిస్తే సరిపోతుంది.

ఫాంట్ల సంగతి. మండలి, రామభద్ర, సురన్న, ఎన్టీఆర్ లాంటివి సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసింది. వాటి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ప్రకారం డబ్బు తీసుకునే పనికి కూడా వాడొచ్చు. మేటర్‌కి మండలి, హెడ్డింగుకి రామభద్ర అని పెట్టుకున్నాను.

ఈ దశలో బాగా ఉపయోగపడింది పరీక్ష కాగితమే. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఆర్ట్ కార్డు మీద ఒకే వరుసను 5, 6, 7, 8, 9 పాయింట్లలో వేయించాను. ఆ వరుస: "లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ, జ్ఞానేశ్వర్, ఘట్టం, ఋణం". ఒత్తు కింద ఒత్తు, లోపల సున్నాల్లాంటి సందులు ఉన్న అక్షరాలన్నీ ఇందులో ఉన్నాయి.

1. 5, 6 పాయింట్లు: ఘ, ణ లోపలి సందులు సిరాతో మూసుకుపోయాయి.
2. 7 పాయింట్లు: చదవొచ్చు, కానీ "ష్ట్రం" దగ్గర కన్ను ఆగుతుంది.
3. 8 పాయింట్లు: శుభ్రంగా ఉంది.

ఇంగ్లిషులో ఫోన్ నంబరు 6 పాయింట్లలో పెట్టినా చెల్లుతుంది. తెలుగుకి 8 కన్నా దిగకూడదని ఆ రోజే గోడకు రాసి అంటించాను. వరుసల మధ్య దూరం కూడా అంతే. ఇంగ్లిషుకు సరిపోయే 1.2 రెట్లు పెడితే పై వరుసలోని ఒత్తు, కింది వరుసలోని గుడి కొట్టుకుంటాయి. 1.5 దగ్గర ఆ గొడవ పోయింది.

మొత్తం ఇప్పటికి: ఖర్చు రూ.4,250. రాబడి 0.

దశ 2: టిఫిన్ సెంటర్ ఫ్లెక్స్, 10×6 అడుగులు

మొదటి పని. డిజైన్‌కి రూ.300 మాట్లాడుకున్నాం, ప్రింటింగ్ చదరపు అడుగు రూ.12 చొప్పున 60 అడుగులకు రూ.720, అది ఓనరు ఖర్చు.

మూడు చోట్ల దెబ్బ తగిలింది.

మొదటిది ఫైలు బరువు. 10 అడుగులంటే 120 అంగుళాలు. 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) పెడితే 8,640 పిక్సెళ్లు, ఎత్తు 5,184. సీఎంవైకేలో (ప్రింటింగ్ సిరాలైన నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు లెక్కలో) ఒక్క లేయరే దాదాపు 180 ఎంబీ అవుతుంది. నాలుగు లేయర్లు దాటేసరికి ల్యాప్‌టాప్ కదల్లేదు. పదో వంతు సైజులో చేసుకోమని ఒకరు చెప్పారు. 12×7.2 అంగుళాల్లో 720 డీపీఐ పెట్టినా పిక్సెళ్లు అవే కాబట్టి బరువూ అదే. మార్చాల్సింది పద్ధతి. అక్షరాలు, గీతలు, రంగు పట్టీలు ఇంక్‌స్కేప్‌లో వెక్టర్‌గా (ఎంత పెంచినా చెదరని గీతలుగా) ఉంచి, దోసె ఫొటో ఒక్కటే పిక్సెళ్లలో పెట్టాక ఫైలు ఇట్టే తెరుచుకుంది.

రెండోది ఆ దోసె ఫొటో. ఓనరు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపారు. కొలిస్తే పొడవు వైపు 1,600 పిక్సెళ్లే ఉన్నాయి. దాన్ని 10 అడుగులకు సాగదీస్తే అంగుళానికి 13 పిక్సెళ్లు వస్తాయి, దోసె అంచు మెట్లుమెట్లుగా కనబడుతుంది. అప్పట్నుంచి కస్టమర్లందరికీ ఒకే మెసేజ్: "ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి." ఇంటర్‌నెట్‌లో దొరికిన ఫొటో పెట్టమంటే ఒప్పుకోను, అది వేరొకరి సొత్తు. పొద్దున్నే వెళ్లి, పెనం మీద నుంచి దింపిన దోసెను కిటికీ వెలుగులో నా ఫోన్‌తో తీసుకున్నాను.

మూడోదాంతో డబ్బు పోయింది. ఫ్లెక్స్‌ను చెక్క ఫ్రేముకు బిగించేటప్పుడు అంచును వెనక్కి మడిచి మేకులు కొడతారు. నేను ఫోన్ నంబరును కింది అంచుకు 2 అంగుళాల్లో పెట్టాను. ఫ్రేము ఎక్కేసరికి నంబర్ల కింది సగం మడతలోకి పోయింది. మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఆ రూ.720 నేనే కట్టాను.

ఫ్లెక్స్ ఫైలుకు ముందు ఇప్పుడు పాటిస్తున్న వరుస:

1. ఫ్రేమా, ఐలెట్లా (తాడు కట్టే రింగు రంధ్రాలా) అని అడగడం. ఫ్రేమైతే నాలుగు వైపులా 4 అంగుళాలు ఖాళీ, రంగు మాత్రం అంచు దాకా.
2. గోడ కొలత సొంత టేపుతో తీసుకోవడం. ఓనర్లు "పది బై ఆరు ఉంటుందమ్మా" అని చేత్తో చూపిస్తారు. ఇక్కడ అసలు వెడల్పు 9 అడుగుల 7 అంగుళాలు.
3. ఎన్ని అడుగుల దూరం నుంచి చూస్తారో కనుక్కోవడం. రోడ్డుకు అవతలి నుంచైతే 72 డీపీఐ సరిపోతుంది. కౌంటరు వెనక పెట్టే మెనూ బోర్డుకు 150 కావాలి.
4. మెటీరియల్ మందం అడగడం. 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం.

గీయడానికి రెండు గంటలు పడితే మార్పులకు ఐదు గంటలు పట్టింది. "ఆ ఎరుపు ఇంకొంచెం", "పూరీ కూడా పెట్టమ్మా", "మా అబ్బాయి పేరు కూడా". రూ.300ను ఏడు గంటలకు పంచితే గంటకు రూ.43. ఫ్లెక్స్ ఒక్కటే అడిగితే ఇప్పుడు ఒప్పుకోవడం లేదు.

మొత్తం ఇప్పటికి: ఖర్చు రూ.4,970. రాబడి రూ.300.

దశ 3: మిర్చి కమిషన్ దుకాణం విజిటింగ్ కార్డులు

వ్యవసాయ మార్కెట్‌లో కమిషన్ వ్యాపారం చేసే బాబాయి ఒకాయన వెయ్యి కార్డులు అడిగారు. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఇంగ్లిషు. సైజు 3.5×2 అంగుళాలు, అంటే 89×51 మిల్లీమీటర్లు. కటింగ్‌లో బ్లేడు అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ప్రతి అంచుకూ 3 మిల్లీమీటర్లు కలిపి 95×57. లోపలి వైపు 4 మిల్లీమీటర్ల దాకా అక్షరం రానివ్వలేదు. ఈ కొలతలన్నీ సరిగ్గా కుదిరాయి.

చెడింది నలుపు. స్క్రీన్ మీద నలుపని కనిపించేది ఆర్‌జీబీలో (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల లెక్కలో) 0, 0, 0. దాన్ని సాధారణ సెట్టింగులతో సీఎంవైకేకి మారిస్తే సి 75, ఎం 68, వై 67, కె 90 లాంటి మిశ్రమం వస్తుంది. నాలుగు సిరాలు కలిసి 300 శాతం. ఈ కార్డులు వేసిన ఆఫ్‌సెట్ మెషీన్‌లో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, నాలుగూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. ఆ లాట్‌లో ఎరుపు ప్లేటు కొద్దిగా జరిగింది. పెద్ద హెడ్డింగులో ఎవరికీ తెలియదు. 8 పాయింట్ల తెలుగు అక్షరం చుట్టూ మాత్రం గులాబీ రంగు నీడ పడింది, "శ్రీ"లో రావత్తు ఎక్కడో, శ ఎక్కడో అన్నట్టుంది.

ముందు డిజిటల్ ప్రింట్ తీసి చూపించాను కదా, అది బాగానే ఉంది కదా అంటే, డిజిటల్ మెషీన్‌లో ప్లేట్లు ఉండవు. అందులో చూసిన ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా) మేటర్ చదువుకోవడానికి పనికొస్తుంది, ఆఫ్‌సెట్‌లో రంగులు కుదురుతాయో లేదో చెప్పదు. ఈ తేడా తెలియక మళ్లీ ప్రింటింగ్‌కు రూ.700 పోయింది.

మార్చినది ఒక్కటే: చిన్న అక్షరాలన్నీ కె 100 మాత్రమే, మిగతా మూడూ సున్నా. ఇంక్‌స్కేప్ నుంచి వచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే ఉంటుంది. అందుకే డిజైన్‌ను స్క్రైబస్‌లోకి తెచ్చి అక్కడ రంగులు సీఎంవైకేలో పెట్టి, పీడీఎఫ్ తీసేటప్పుడు ప్రింటర్ కోసం అని ఎంచుకుంటున్నాను. తీశాక ప్రింట్ ప్రివ్యూలో నలుపు ప్లేటు ఒక్కటే ఆన్ చేసి చూస్తే మేటరంతా కనబడాలి. ఎరుపు ప్లేటు ఒక్కటే ఆన్ చేస్తే అందులో అక్షరాలు ఉండకూడదు.

ఇదే పనిలో ఇంకో చిక్కు. ప్రెస్సు అన్న "అను ఫైల్ ఇవ్వమ్మా, పేజ్‌మేకర్‌లో తెరుచుకుంటా" అన్నారు. మన ప్రెస్సుల్లో ఎక్కువ భాగం ఇంకా అను ఫాంట్ల మీదే నడుస్తున్నాయి. వాటిలో తెలుగు ఆకారాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి. యూనికోడ్ మేటర్‌ను అను ఫాంట్‌లో అతికిస్తే ఏదీ చదవలేం. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ పేర్లలో ఎక్కడో ఒక ఒత్తు తేడా కొడుతుంది, మళ్లీ అక్షరం అక్షరం చూసుకోవాలి. దారి ఏమిటంటే, అన్న మాటల్లోనే, "కర్వ్స్ చేసి పంపు". అక్షరాలను గీతలుగా మార్చేస్తే అవతల ఏ ఫాంటూ అక్కర్లేదు.

కర్వ్స్ చేశాక మేటర్ దిద్దలేం. అందుకని ప్రతి పనికీ రెండు ఫైళ్లు:

1. దిద్దుకునేది: పేరు చివర "ఎడిట్", తేదీ.
2. ప్రెస్సుది: కర్వ్స్ చేసిన పీడీఎఫ్, పేరు చివర "ప్రెస్", సైజు, తేదీ.

"ఫైనల్", "ఫైనల్ కొత్తది" అనే పేర్లు పెట్టొద్దు.

మొత్తం ఇప్పటికి: ఖర్చు రూ.5,670. డిజైన్‌కి రూ.500 వచ్చింది, రాబడి రూ.800.

మధ్యలో: డబ్బు, వయసు

ప్రెస్సులో మొదటిసారి అడిగిన మాట "పెద్దవాళ్లెవరైనా ఉంటే తీసుకురామ్మా". దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. వాళ్ల భయం వాళ్లది, ఫైలు తప్పైతే డబ్బు ఎవరిస్తారన్నది. ఫైలుతోపాటు సైజు, కాగితం, సంఖ్య, లామినేషన్ ఒక కాగితం మీద రాసి, ప్రింటింగ్ డబ్బు ముందే ఇచ్చేసరికి ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

చట్టం విషయం మాత్రం తెలుసుకుని దిగాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. మనం సంతకం పెట్టిన కాగితానికి ఒప్పందంగా విలువ ఉండదు. అందువల్ల "కాగితం రాసుకున్నాం కదా" అనే ధైర్యం పెట్టుకోవద్దు. నాకు మిగిలిన రక్షణ అడ్వాన్సే. పద్ధతి ఇలా పెట్టుకున్నాను:

1. డిజైన్ డబ్బులో సగం ముందు. అది అందాకే ల్యాప్‌టాప్ తెరవడం.
2. ప్రింటింగ్ డబ్బు పూర్తిగా కస్టమరుదే, నేరుగా ప్రెస్సుకే. నా చేతిలో పెట్టించుకోను.
3. రెండు సార్లు మార్పులు ఉచితం. మూడోదాని నుంచి రూ.100.
4. ప్రూఫ్ మీద సంతకం, లేదా వాట్సాప్‌లో "ఓకే, ప్రింట్ వేయండి" అనే మాట.

డబ్బు అమ్మ క్యూఆర్ కోడ్‌కే వస్తుంది. 10 ఏళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకునే వీలివ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ 2025లో బ్యాంకులకు చెప్పింది, ఎంత వరకు అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. నాకైతే అమ్మ ఖాతా, పక్కన ఒక లెక్కల పుస్తకం చాలు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి రూ.20 లక్షలు, దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడాల్సింది లేదు. మైనర్ల ఆదాయాన్ని మామూలుగా తల్లిదండ్రుల ఆదాయంలో కలిపి పన్ను లెక్కిస్తారు. సొంత నైపుణ్యంతో సంపాదించినదైతే అలా కలపరు. ఆ పుస్తకం ఉంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

దశ 4: పెళ్లి కార్డు

అసలు పని ఇక్కడ మొదలైంది. ఖాళీ కార్డులు షాపులో పెళ్లివాళ్లే కొనుక్కుంటారు. మేటర్ కంపోజ్ చేయడం, వరుస కుదర్చడం, ప్రూఫ్ చూపించడం, ప్రింట్ దగ్గర నిలబడటం, వాట్సాప్‌లో పంపే కార్డు చేయడం నా వంతు. మాట్లాడుకున్నది రూ.1,200. కార్డులు 400.

మేటర్ రెండు వాయిస్ మెసేజ్‌లు, ఒక పాత కార్డు ఫొటో రూపంలో వచ్చింది. చిక్కు ముహూర్తం దగ్గర. పెళ్లికొడుకు అక్క వాయిస్‌లో చెప్పింది "19వ తేదీ గురువారం రాత్రి 2 గంటల 34 నిమిషాలకు". పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి పంతులు గారి లెక్కలో అది గురువారమే. క్యాలెండరు ప్రకారం అర్ధరాత్రి దాటితే 20, శుక్రవారం. ఇక్కడ ఒక్క పదం వదిలేస్తే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఒక రోజు ముందో, ఒక రోజు తర్వాతో దిగుతారు. ప్రూఫ్‌లో నేను "19వ తేదీ గురువారం రాత్రి గం. 2-34 ని.లకు" అని విన్నది విన్నట్టే పెట్టాను. పెళ్లికూతురి మేనమామ గారు చూసి, "తెల్లవారితే శుక్రవారం అని లేదేంటమ్మా?" అని అడిగారు. ప్రింటయ్యాక చూసి ఉంటే 400 కార్డులూ పోయేవి. చివరికి ఇలా వేశాం: "19వ తేదీ గురువారం రాత్రి (తెల్లవారితే శుక్రవారం) గం. 2-34 ని.లకు". వాట్సాప్ కార్డులో కింద ఇంకో వరుస కూడా పెట్టాను, "విందు: 19వ తేదీ గురువారం రాత్రి 7 గంటల నుంచి". వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఆ వరుసే.

రెండో చిక్కు కంటికి కనిపించనిది. పెళ్లికొడుకు పేరు ప్రవీణ్‌కుమార్. నా స్క్రీన్ మీద ఇలాగే ఉంది. స్క్రైబస్‌లోకి తెచ్చాక "ప్రవీణ్కుమార్" అయింది, ణ కింద క ఒత్తు. రెండు అక్షరాల్ని విడిగా ఉంచడానికి మధ్యలో కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఒకటి ఉంటుంది. కాపీ చేసేటప్పుడు అది రాలిపోతుంది. కొన్ని ఫాంట్లలోనైతే దాని బదులు చిన్న పెట్టె వస్తుంది. ఇప్పుడు మేటర్ దించగానే పొల్లు హల్లుతో ముగిసి వెంటనే ఇంకో మాట కలిసే పేర్లన్నీ వెతుకుతాను: రామ్‌ప్రసాద్, కిరణ్‌బాబు, హైదరాబాద్‌లో. అవసరమైతే మధ్యలో ఖాళీ పెట్టేస్తాను, ఇంటివాళ్లను అడిగే.

మూడోది అన్నిటికన్నా సున్నితమైనది. పెళ్లికూతురి తాతగారి పేరు ముందు "కీ.శే." లేదు. పాత కార్డు ఫొటో ఆయన బతికుండగా వేయించినది. మేటర్ ఇచ్చినవాళ్లకు అది తట్టలేదు, నాకు తెలిసే అవకాశం లేదు. ప్రూఫ్ చదువుతూ నానమ్మ గారు ఆ పేరు దగ్గర ఆగిపోయారట. అప్పటి నుంచి కార్డులోని ప్రతి పెద్దాయన, పెద్దావిడ పేరు ముందు ఏం రావాలో ముందే ఫోన్‌లో అడుగుతున్నాను. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. అడగకుండా ఉండటం కన్నా అది నయం.

పెళ్లి మేటర్‌కి ఇప్పుడు నేను పాటించే ప్రూఫ్ పద్ధతి:

1. వాయిస్ మెసేజ్ విని టైప్ చేసిన మేటర్‌ను మామూలు టెక్స్ట్‌గా వెనక్కి పంపి, పేర్లు సరిచూడమనడం. డిజైన్‌లో పెట్టి పంపితే అందరూ బొమ్మనే చూస్తారు, పేర్లు చూడరు.
2. తేదీ, వారం, తెల్లవారితే వచ్చే వారం మూడూ క్యాలెండరుతో సరిచూడటం.
3. పేర్ల వరుస, చి., చి.ల.సౌ., కీ.శే. రెండు ఇళ్లలో ఒక్కొక్కరితో విడిగా ఖరారు చేసుకోవడం.
4. కాగితం మీద ప్రూఫ్ తీసి అమ్మ పైకి చదవడం, నేను వచ్చిన మేటర్ చూసుకోవడం. తర్వాత తారుమారు చేసుకుని ఇంకోసారి.
5. రెండు వైపుల పెద్దల సంతకాలు. పెళ్లికొడుకు "ఓకే" ఒక్కటే చాలదు.

ప్రూఫ్ కాగితాలకు రూ.40. ఆ కార్డు చూసి ఇంకో రెండు పెళ్లిళ్లు వచ్చాయి, ఒక్కోదానికి రూ.1,500, ప్రూఫ్‌లకు రూ.80. ఈ మూడింటిలో ఏ కార్డూ మళ్లీ వేయాల్సి రాలేదు.

మొత్తం ఇప్పటికి: ఖర్చు రూ.5,790. రాబడి రూ.5,000.

దశ 5: గోంగూర, చికెన్ పచ్చళ్ల లేబుళ్లు

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆంటీ ఒకరు రెండు లేబుళ్లు అడిగారు. రెండింటికీ కలిపి రూ.2,500. నాకు ఎక్కువ నేర్పింది ఈ పనే.

మొదటి డిజైన్ మొత్తం తెలుగులో చేశాను. చూడ్డానికి చాలా బాగుంది, ఆంటీకీ నచ్చింది. పనికిరాలేదు. ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిషులో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, తెలుగు ఒక్కటే చాలదు. పేరు, దినుసుల వరుస, నికర బరువు, ధర, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, బ్యాచ్, చిరునామా, 14 అంకెల లైసెన్సు నంబరు అన్నీ ఇంగ్లిషులో దించేసరికి చోటు చాలలేదు. 10×9 సెంటీమీటర్ల లేబుల్ 12×9 అయింది.

సైజు పెరగడంతో ఇంకోటి మారింది. శాకాహార గుర్తు, అంటే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఎంతుండాలన్నది లేబుల్ ముందు భాగం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 100 చదరపు సెంటీమీటర్ల వరకు చుక్క 3 మిల్లీమీటర్లు, చతురస్రం భుజం 6. 100 దాటి 500 వరకు చుక్క 4, భుజం 8. పాతది 90, కొత్తది 108. గీత దాటింది కాబట్టి గుర్తు పెంచాను. చికెన్ పచ్చడికి గుర్తు వేరు, గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రిభుజం. పాత ప్యాకెట్ల మీద త్రిభుజానికి బదులు చుక్క ఉంటుంది, దాన్ని చూసి కాపీ కొట్టొద్దు.

గోంగూర లేబుల్‌కి ఆకుపచ్చ నేపథ్యం పెట్టాను, గుర్తు అందులో కలిసిపోయింది. చికెన్‌కి ముదురు ఎరుపు, త్రిభుజం కనబడలేదు. గుర్తు చుట్టూ రంగు తేడా స్పష్టంగా తెలియాలి. రెండింట్లోనూ ఆ మూల తెల్ల పెట్టె గీసి అందులో పెట్టాను. డిజైన్ అందం కొంచెం తగ్గింది. అయినా కొనేవాళ్లు ముందు వెతికేది ఆ గుర్తునే.

తర్వాత సీసా. మూత కింద దారం చుట్టి కొలిస్తే 26.9 సెంటీమీటర్లు, అడుగున 26.1. సీసా కిందికి సన్నబడుతోందన్నమాట. చుట్టూ తిరిగే లేబుల్ అయితే కింద ముడతలు పడతాయి. 12 సెంటీమీటర్లలో ముందు వైపే అతికిస్తే ముడత లేదు.

చివరి పరీక్ష నూనె. పేపర్ స్టిక్కర్ మీద ప్రింట్ తీసి, చేతికి పచ్చడి నూనె రాసుకుని రుద్ది రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి కాగితం పారదర్శకంగా మారి, గడువు తేదీ దగ్గర సిరా చెదిరింది. వినైల్ స్టిక్కర్ మీద లామినేషన్‌తో తీసిన ముక్కను గుడ్డతో తుడిస్తే శుభ్రంగా వచ్చింది. కానీ లామినేషన్ మీద పెన్నుతో తేదీ రాస్తే నిలవదు. తేదీ, బ్యాచ్ వేసే చోట ఖాళీ వదిలాను, ఆంటీ తన మార్కర్‌తోనే అక్కడ రాసి చూశారు. పర్మనెంట్ మార్కర్ నిలిచింది. ఆ ఖాళీ 35×10 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువైతే చేత్తో రాయడం కష్టం.

పరీక్ష స్టిక్కర్లకు రూ.240.

మొత్తం ఇప్పటికి: ఖర్చు రూ.6,030. రాబడి రూ.7,500. ల్యాప్‌టాప్ మీద పెట్టింది కూడా తీరి రూ.1,470 మిగిలింది.

ఇప్పటి రేట్లు

1. విజిటింగ్ కార్డు, రెండు వైపులా: రూ.600
2. పెళ్లి మేటర్, వాట్సాప్ కార్డుతో: రూ.1,500
3. ఆహార లేబుల్: ఒక్కోటి రూ.1,400, అదే డిజైన్ ఇంకో సైజులో రూ.400
4. ఫ్లెక్స్: పాత కస్టమర్లకు మాత్రమే, రూ.400, గోడ కొలత నేనే తీసుకుంటే

"పక్క షాపులో ఫ్రీ కదమ్మా" అనే మాట ఇప్పటికీ వస్తుంది. అక్కడే చేయించుకోండి, కానీ ప్రింట్‌కు ముందు మేటర్ నాతో ఒకసారి చదివించుకోండి, రూ.150 అంటున్నాను. ఇది కొత్తగా పెట్టింది, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

చేతిలో ఉన్న పని

కమిషన్ దుకాణం బాబాయి రసీదు పుస్తకం అడిగారు. కార్బన్‌లెస్ కాగితం (కార్బన్ పేపర్ పెట్టకుండానే కింది కాపీల మీద రాత పడేది), మూడు కాపీలు, ఒకే రంగు. సెమిస్టర్ పరీక్షల వల్ల ఈ పని తప్ప వేరేవి తీసుకోలేదు. ప్రెస్సులో నంబరింగ్ మెషీన్ ఏ మూల కొడుతుందో చూసి వచ్చాను, కుడివైపు పైన, 40×12 మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. చింపే చిల్లుల వరుసకు ఎడమవైపు 15 మిల్లీమీటర్లు. మూడో కాపీ మీద చేతిరాత మసగ్గా పడుతుంది కాబట్టి బస్తాల సంఖ్య, క్వింటా ధర రాసే గళ్ల ఎత్తు 7 నుంచి 9 మిల్లీమీటర్లకు పెంచాను. అడ్వాన్సు రూ.500 అందింది, రాబడి రూ.8,000. ప్రూఫ్ ఆదివారం ఇస్తాను. దుకాణంలో రసీదులు రాసే గుమస్తా గారి చేత, ఆయన పెన్నుతోనే, మూడు కాపీల మీద ఒకసారి రాయించి చూశాకే ప్రెస్సుకు వెళ్తుంది.